పదకొండు సెకన్ల తాళం

పొద్దున ఆరింటికి లోకేశ్వరి వాకిట్లో ముగ్గేసి, చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుంటా లోపలికొచ్చి టీవీ పెట్టేది. కాఫీ కంటే ముందు అదే పని. రిమోట్‌లో ఎర్ర బటన్ మీద చిన్న ప్లాస్టరు ముక్క అతికించి ఉంటాది. ఆ బటన్ నొక్కితే, దాచిన రికార్డింగు చెరిపేయాల్నా అని టీవీ పక్కనుండే డిష్ పెట్టె అడుగుతాది. నిద్రమత్తులో అవునని నొక్కితే ఇంక అంతే, అందుకే ఆ ప్లాస్టరు. పెట్టె వేడెక్కకుండా పక్కన స్టూలు మీద టేబుల్ ఫ్యాను కూడా ఉండాది. కొండ కింద కొర్లగుంటలో ఎండలకు మనుషులే అల్లాడిపోతా ఉంటే, ఈ ఇంట్లో ఉండే ఒక్క మంచి ఫ్యానూ టీవీ పెట్టె కోసం తిరుగుతా ఉండింది.

ఆ పెట్టెలో రెండు గంటల గరుడసేవ ఉండాది. మూడేండ్ల కిందటి బ్రహ్మోత్సవాలది. అందులో గంటా ఏడు నిమిషాలకు కెమెరా వాహనాన్ని ఇడిసిపెట్టి గ్యాలరీలో జనం మీదికి తిరుగుతాది. ఎడమపక్కన ఇనపకమ్మీ పట్టుకోని, గుండుకు గంధం పూసుకున్న మనిషి ఒకడు చెయ్యెత్తి, ఇట్ల పక్కకు తిరిగి నవ్వుతాడు. పదకొండు సెకన్లు. మళ్లా కెమెరా గొడుగుల మీదికి పోతాది. ఆ గుండు మనిషి తన మొగుడు మునిచంద్ర అని లోకేశ్వరి నమ్మకం.

మునిచంద్ర కొండమీదికి జీపు తోలేవాడు. ఆ యేడు ఉగాది అయిన వారానికి, వేలూరులో స్పేర్ పార్టు తెస్తానని పోయినోడు మళ్లీ రాలేదు. జీపు బస్టాండు పక్కన దొరికింది, తాళంచెవి దానికే ఉండింది. స్టేషన్లో కాయితం రాసుకున్నారు గానీ, ముప్పై నాలుగేండ్ల మొగోడు తప్పిపోయేదేందమ్మా, వస్తాడులే అన్నారు. లోకేశ్వరి కూడా వస్తాడులే అనే అనుకునింది. ఆర్నెల్లకు టీవీలో ఆ పదకొండు సెకన్లు కనపడినప్పట్నించీ ఆ ఇంటి తలుపుకు తాళం వేసింది లేదు. వచ్చినోడు తాళం చూసి ఎనక్కి పోతే?

ఆమె బతుకంతా ఇంట్లోనే జరుగుతా ఉండింది. హాల్లో ఒక మూల పాత కంప్యూటరు పెట్టుకోని, ఊరూరి నించి ఫోన్లు చేసేవాళ్లకు దర్శనం టికెట్లు, రూములు బుక్ చేసి పెట్టేది. ఎంతమందికి స్వామి దర్శనం చేయించిందో లెక్క లేదు. కూతవేటు దూరంలో, కొండమెట్లు మొదలయ్యే అలిపిరి దాకా మాత్రం తాను పోయేది కాదు, ఆ గంటలోనే ఆయన వస్తాడేమో అని.

ఇంట్లో ఇంకో మనిషి అత్త జ్ఞానాంబ. అత్త అంటే మొగుని తల్లే కాదు, లోకేశ్వరి నాయనకు అక్క కూడా. పూతలపట్టుకు పోయి తమ్ముడి కూతుర్ని తానే అడిగి కొడుక్కి చేసుకునింది.

జ్ఞానాంబకు అరవై రెండేండ్లు. పుట్టి బుద్ధెరిగినాక ఆమె తాళంచెవి దాచుకున్నది లేదు. ఆ పని పడలేదు. తాళం ముందర వంగి, అంతవరకూ ఎవరికీ చెప్పని నిజం ఒకటి చెప్తే చాలు, తాళం తెరుచుకుంటాది. ఎనిమిదేండ్ల పిల్లగా ఉన్నప్పుడు జేజెమ్మ బెల్లంపెట్టె ముందర కూర్చోని, నిన్న నెయ్యిగిన్నె తన్నింది పిల్లి కాదు, నేనే అని చెప్పింది. పెట్టె తెరుచుకునింది. అప్పట్నించీ అదే వరస. చిన్న తాళానికి చిన్న నిజం, పెద్ద తాళానికి పెద్దది. ఒకసారి వాడిన నిజం ఇంకోసారి పనికిరాదు. ముందే ఒక మనిషితో అనేసిన నిజమూ పనికిరాదు.

కొర్లగుంటలో ఎవరి బీరువా తాళం పోయినా, ఎవరి స్కూటరు బిగుసుకున్నా జ్ఞానక్క దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె వంగినప్పుడు తాళం గలవాళ్లు మూడడుగులు ఎనక్కి పోయి, అటు తిరిగి నిలబడాల. అది మర్యాద. ఒక లాడ్జి మేనేజరు రూము తెరిపించుకున్నాక, ఏం చెప్పినావమ్మా అని అడిగినాడంట. వీధి వీధంతా వానికి గడ్డి పెట్టింది. మనలో మాట, ఆమె చెప్పింది ఇదే. పెండ్లిపీటల మీద మొగుని కంటే ఆయన అన్నే బాగుండాడు అనిపించింది అని. ఆ లాడ్జి తాళం గట్టిది మరి.

అట్లాంటి మనిషి మూడేండ్లుగా ఒక్క తాళమూ తెరవలేదు. మోకాళ్ల నొప్పులు, వంగలేను అని చెప్పేది. వీధిలోవాళ్లు పాపం అనుకున్నారు. మోకాళ్లు బాగానే ఉండాయి. ఆమె నోట్లో ఇరుక్కున్నది వేరే.

ఆ గరుడసేవ సాయంత్రం ఆమె వంటింట్లో బియ్యం కడుగుతా ఉంటే సెల్లు మోగింది. కొత్త నంబరు. "అమ్మా, నేనే," అన్నాడు మునిచంద్ర. ఎనకాల మిషన్ల చప్పుడు. తిరుప్పూరులో ఉండాడంట. బనియన్ల కంపెనీలో వ్యాను తోలుతా ఉండాడంట. ఆడ ఇంకొకామెతో కాపురం పెట్టినాడంట, ఆమెకు నెలలు నిండుతా ఉండాయంట. ఇంక ఈ పక్కకు రాడంట. లోకాకు చెప్పొద్దంట. ఆ మాట చెవిలో ఉండగానే హాల్లోంచి లోకేశ్వరి కేక పెట్టింది, అత్తా, రా, ఆయన, టీవీలో ఆయన, అని. కొడుకు తిరుప్పూరు నించి చెవిలో మాట్లాడతా ఉండాడు, కోడలు హాల్లో వాణ్ణి చూసి దండం పెడతా ఉండాది. ఇంతకంటే పాడు గడియ ఏ తల్లికి వస్తాది?

జ్ఞానాంబ ఫోను ఆపేసి తడిచేతులతో పోయి టీవీ ముందర నిలబడింది. లోకేశ్వరి ఎనక్కి తిప్పి తిప్పి చూపించింది. కొండ కింద బతికేవాళ్లు చేసే పొరపాటే అది. జుట్టూ మీసమూ తీసేసి గంధం పూస్తే అన్నకూ తమ్ముడికీ పరాయోడికీ తేడా తెలీదు. లక్ష గుండ్లలో మనం ఎతుకుతా ఉండే గుండు ఒకటి కనపడి తీరుతాది. ఆర్నెల్లుగా అన్నం సరిగ్గా తినని పిల్ల మొహం ఎలిగిపోతా ఉండింది. "ఆయనే గదా అత్తా?" అనింది.

"అవును, వాడే," అనింది జ్ఞానాంబ.

భయంతో అనింది. నిజం చెప్తే ఈ పిల్ల బట్టలు సర్దుకోని పూతలపట్టుకు పోతాది, ఈ ఇంట్లో తానొక్కతే మిగులుతాది. కొడుకు పోయినాడు, కోడలన్నా ఉండాలని అట్ల అనింది. దాన్ని ఇంకోరకంగా చెప్పి తీపి చేసేదానికి ఏమీ లేదు. రేపు చెప్తాం అనుకునింది. ఆ రేపు మూడేండ్లయింది. మునిచంద్ర మళ్లా ఫోను చెయ్యలేదు, ఆ నంబరు కూడా పలకడం మానేసింది.

ఆ తర్వాతి నెల పక్కింటి బీరువా ముందర వంగి, ఏదో చిన్న నిజం చెప్దామని నోరు తెరిస్తే ఇదే వస్తా ఉండింది. వాకిలికి అడ్డంగా పడుకున్న బర్రె మాదిరి, ఇది లేస్తేగానీ ఇంకోటి బయటికి రాదు. దాన్ని గుసగుసగా అయినా అనేదానికి భయపడి, నోరు మూసుకోని లేచి, మోకాళ్లు అనింది. ఇదీ ఆమె నొప్పుల కథ.

ఇప్పుడు ఆగస్టు నెల మొదట్లో డిష్ కంపెనీ నించి లోకేశ్వరికి మెసేజి వచ్చింది. పాత పెట్టెలు నెలాఖరుతో ఆగిపోతాయి, మా మనిషి వచ్చి పాతది తీసుకోని కొత్తది ఇస్తాడు అని. లోకేశ్వరి ఫోను చేసి పన్నెండు బటన్లు నొక్కినాక ఒకమ్మాయి పలికింది. రికార్డింగులు కొత్త పెట్టెలోకి రావు మేడం, అవి ఆ పెట్టెకే తాళం పడి ఉంటాయి, ఇంక యాడా ఆడవు అనింది. లోకేశ్వరి ఫోను పెట్టేసి ఫ్యాను ఇంకొంచెం దగ్గరికి జరిపింది. ఆ రోజునించి పెట్టె లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మొదలయింది. ముందునించీ ఉండిందో, ఇప్పుడే వినపడిందో తెలీదు. 

అదే వారం ఏర్పేడు నించి ఇంకో కబురు. ఆడ పెద్ద కాలేజీలో ఆడపిల్లల హాస్టలుకు కేర్‌టేకర్ కావాలంటే, ఎప్పుడో ఒక కస్టమరు బలవంతం మీద లోకేశ్వరి అర్జీ పెట్టింది. ఆమెనే తీసుకున్నారు. మంచి జీతం, ఉండేదానికి గది. ఒకటో తేదీ చేరాల, వచ్చేదీ రానిదీ నెలాఖరు సాయంత్రం ఐదింటిలోగా చెప్పాల. లోకేశ్వరి ఆ కాయితం మడిచి టీవీ కింద పెట్టేసింది. పోతే తలుపు ఎవరు తెరిచి పెడతారు? ముప్పై ఒక్కేండ్ల పిల్ల, చక్కటి చదువు చదువుకున్న పిల్ల, ఎవరో గుండాయన కోసం కాచుకోని కూర్చునింది. ఆయన మునిచంద్ర కాదని చెప్పే నోరు ఒకటే ఉండాది, అది మూతపడి ఉండాది.

సెల్లుతో టీవీని వీడియో తీసి చూసినారు. గీతలు గీతలుగా వచ్చింది, మొహం ఉండేచోట పసుపు మరక. ఇంటర్నెట్లో ఎతికితే ఆ యేటి గరుడసేవ దొరికింది గానీ వేరే ఛానలోళ్లది, అందులో ఈ గుండాయన లేడు. ఇంక లీలామహల్ సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే ఢిల్లీబాబును పిలిపించినారు. యాభై ఏండ్ల మనిషి, సోల్డరింగు పెట్టి పెట్టి వేళ్ల కొసలు కాయలు కాసి ఉంటాయి. అదెంత పనిమ్మా, పెట్టెలో డిస్కు ఊడబీకి ఫైలు కంప్యూటర్లోకి ఎత్తేస్తే సరి అన్నాడు.

ఫైలు ఎత్తి, డిస్కు మళ్లా పెట్టెలో బిగించినాడు. ఆ ఫైలు ఆడలేదు. తెరంతా పచ్చ గడులు, పోపు చిటపటలాడినట్టు చప్పుడు. ఫైలు పేరు చివర అక్షరాలు మార్చినాడు. ఇంకో ప్లేయరు వేసినాడు, ఇంకోటి వేసినాడు. నాలుగు రోజులు పూట పూటా వచ్చి కూర్చున్నాడు. ఆఖరికి ఇట్లాంటి పెట్టెలతోనే తిప్పలు పడిన వాడెవడో రాసిపెట్టిన ప్రోగ్రాము ఒకటి పట్టుకోనొచ్చినాడు. అది ఫైలును చూసి, తాళంచెవి ఇవ్వు అని ఒక ఖాళీ గడి చూపించి ఊరుకునింది.

"ఆ చెవి పెట్టె చిప్పు కడుపులో ఉండాదమ్మా. బయటికి రాదు," అన్నాడు ఢిల్లీబాబు. "అంకెలూ అక్షరాలూ కలిపి ఒక పేజీ ఉంటాది. మనం ఒక్కొక్కటే కొట్టి చూస్తా పోతే నా మనవడి మనవడికి గూడా తెరుచుకోదు." అని కళ్లద్దాలు తీసి, గోడవార కూర్చున్న జ్ఞానాంబ దిక్కు తిరిగినాడు. "అక్కా, ఇదీ తాళమే గదా."

ఈ మాట ఎవరో ఒకరు అంటారని నాలుగు రోజులుగా జ్ఞానాంబ భయపడతానే ఉండింది. మోకాళ్లు అనింది. లోకేశ్వరి పరిగెత్తి పీట తెచ్చి కంప్యూటరు ముందర వేసింది. వంగొద్దు అత్తా, కూర్చోనే చెప్పు అనింది.

కూర్చోక తప్పలేదు. ఢిల్లీబాబూ లోకేశ్వరీ మూడడుగులు ఎనక్కి పోయి అటు తిరిగినారు. జ్ఞానాంబ తెర దగ్గరికి వంగి, నెయ్యిగిన్నె తన్నింది పిల్లి కాదు, నేనే అని గుసగుసగా చెప్పింది. యాభై నాలుగేండ్ల కిందటే వాడేసిన నిజం. కావాలనే చెప్పింది. గడి ఖాళీగానే ఉండిపోయింది. ఇంక నా వల్ల కాదమ్మీ, చూసినావు గదా అనింది. లోకేశ్వరి ఒక్క మాటన్నా అనింటే, ఒక కన్నీటి బొట్టన్నా కార్చింటే జ్ఞానాంబకు కొంచెం తేలికగా ఉండేది. ఆ పిల్ల లేచిపోయి అత్తకు మోకాళ్లకు రాసే నూనె వేడిచేసి తెచ్చింది.

నెలాఖరు రోజు వచ్చింది. నాలుగింటికి పెట్టె కోసం వస్తానని కంపెనీ మనిషి పొద్దున్నే ఫోను చేసినాడు. మధ్యాహ్నం భోజనాలైనాక లోకేశ్వరి ఏర్పేడు కాయితం టీవీ కింద నించి తీసి, అందులో నంబరు సెల్లులో కొట్టి పెట్టుకునింది, నొక్కలేదు. ఢిల్లీబాబు ఆఖరుసారి చూస్తానని వచ్చి కూర్చోని, ఏమీ చెయ్యలేక కీబోర్డు దుమ్ము దులుపుతా ఉండాడు.

"ఇంకొక్కసారి చెప్పి చూడు అత్తా," అనింది లోకేశ్వరి. "మొహం తెలిసేట్టు ఒక ఫోటో వస్తే చాలు. ఈ ఉద్యోగం వద్దని చెప్పేస్తా. ఆ ఫోటో పట్టుకోని వేలూరు నించి మొదలుపెట్టి ఊరూరూ తిరుగుతా. ఎన్నేండ్లైనా సరే, ఎతికి తెస్తా."

ఎన్నేండ్లైనా సరే అన్న మాటను జ్ఞానాంబ మనసులో తూచి చూసుకునింది. తెరవకపోతే ఈ పిల్ల ఆ పదకొండు సెకన్లను తలుచుకోని కుళ్లిపోతాది. తెరిస్తే పరాయోని ఫోటో పట్టుకోని రోడ్ల వెంట పోతాది. ఎట్లా పోయినా పోయేది ఈ పిల్ల బతుకే. పీట మీద కూర్చునింది. నోట్లో బర్రె లేచి నిలబడింది.

గుసగుసగా చెప్పేస్తే సరిపోతాది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎవరి చెవినా పడదు, ఫైలు తెరుచుకుంటాది, అబద్ధం కూడా ఉన్నచోటనే ఉంటాది, కోడలు ఈ రోజుకన్నా ఇంట్లోనే ఉంటాది. అదే చేద్దామని తెరకు మొహం ఆనించింది కూడా. ఎందుకో ఒక్కసారి ఎనక్కి చూసింది. లోకేశ్వరి మూడడుగుల అవతల గోడకు తిరిగి నిలబడి ఉండాది. చాలదన్నట్టు కొంగుతో రెండు చెవులూ మూసుకోనుండాది. అత్త దాచుకున్న నిజం పొరపాటున కూడా తన చెవిన పడకూడదని.

"లోకా," అని పిలిచింది జ్ఞానాంబ. వినపడలేదు. లేచిపోయి చెయ్యి పట్టుకోని లాక్కొచ్చి తన పక్కన నిలబెట్టింది. "ఈడనే ఉండు. చెవులు తెరువు." ఢిల్లీబాబు బిత్తరపోయి ఇంకో మూడడుగులు ఎనక్కి వేసినాడు.

జ్ఞానాంబ తెరను చూస్తానే, గొంతు తగ్గించకుండా చెప్పింది. "ఆ గుండాయన నా కొడుకు కాదు. ఆయన టీవీలో కనపడినప్పుడు నా కొడుకు నాతో ఫోన్లో మాట్లాడతా ఉండాడు. తిరుప్పూరులో ఇంకొకామెతో కాపురం ఉండాడు. ఇంక రానని చెప్పినాడు. నువ్వు పోతే నేను ఒక్కదాన్నే అయిపోతానని, తెలిసి తెలిసి, వాడే అని చెప్పినాను."

ఖాళీ గడిలో అంకెలూ అక్షరాలూ చీమలబారు మాదిరి నడుచుకుంటా వచ్చి నిండినాయి. పచ్చ గడులు ఒక్కొక్కటే రాలిపోయినాయి. వాహనం ముందర మేళం ఆ చిన్న హాలంతా నిండింది. ఢిల్లీబాబు చెయ్యి దానంతటదే మౌసు పట్టుకోని గంటా ఏడు నిమిషాలకు జరిపి, మొహం దగ్గర ఆపి పెద్దది చేసింది. ఆయన ఆ పనికొచ్చిన మనిషి, ఆ చేతికి ఇంకేం చెయ్యాలో తెలీలేదు.

నలభై ఏండ్ల మనిషి. పైపన్ను ఒకటి విరిగి ఉండాది. చెవి తమ్మె కింద కందిగింజంత పులిపిరి. అవతలి చేత్తో, టీవీలో ఎప్పుడూ సరిగ్గా కనపడని చేత్తో, ఒక చంటిబిడ్డను ఎత్తుకోనుండాడు. ఆ బిడ్డకూ గుండే, ఆ గుండుకూ గంధమే.

లోకేశ్వరి శానాసేపు చూసింది. మేళం ఆగిపోయిన ఇంట్లో పెట్టె టిక్కు టిక్కుమంటా ఉండింది. ఆమె ఒకటే అడిగింది. "ఫోన్లో నా గురించి ఏమన్నా అడిగినాడా?"

"అడగలేదు," అనింది జ్ఞానాంబ. దాన్నన్నా అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

ఢిల్లీబాబు కాఫీ కూడా తాగకుండా చెప్పులేసుకోని పోయినాడు. నాలుగింటికి కంపెనీ మనిషి ప్రేమానందం వచ్చి, రిమోటు కూడా ఇవ్వాలమ్మా అన్నాడు. లోకేశ్వరి ఎర్ర బటన్ మీది ప్లాస్టరు గోటితో గీకి తీసేసి రిమోటు చేతికిచ్చింది. ప్లాస్టరు ఉండినచోట బటన్ కొత్తదాని మాదిరి ఎర్రగా ఉండాది. ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగా సెల్లు నొక్కి, రేపు వస్తా సార్ అని చెప్పింది.

తెల్లారినాక లోకేశ్వరి పెండ్లినాటి ట్రంకుపెట్టె అటక మీద నించి దించింది. దాని తాళంచెవి ఎప్పుడో పోయింది. అలవాటు చొప్పున జ్ఞానాంబే వంగింది. నోరు తెరిచింది. చెప్పేదానికి ఏమీ రాలేదు. ఎంత ఎతుక్కున్నా లోపల ఒక్క నిజమూ మిగల్లేదు. లోకేశ్వరి రోకలిబండ తెచ్చి తాళం పగలగొట్టి, బట్టలు సర్దుకోని ఆటో ఎక్కింది. పోయొస్తానని చెప్పలేదు.

ఆ తర్వాత మూడు వారాలు జ్ఞానాంబ ఎట్లా గడిపిందో నేను చెప్పను. ఒక్కతే అయిపోతానని మూడేండ్లు భయపడింది, ఇప్పుడు ఒక్కతే అయింది. వీధిలోవాళ్లు తాళాలు తెచ్చి చూపించి, ఆమె తలాడిస్తే ఎనక్కి తీసుకుపోయినారు. ఎందుకని ఎవరూ అడగలేదు. పొద్దున తలుపు తెరిచి ముగ్గేసేది, సాయంత్రం తలుపు దగ్గర కూర్చునేది. కంప్యూటర్లో ఆ ఫైలు అట్లనే ఉండింది, దాన్ని చూసే పని ఎవరికీ లేదు.

నాలుగో ఆదివారం పదకొండింటికి లోకేశ్వరి బస్సు దిగి వచ్చింది. మనిషి కొంచెం నల్లబడింది, మెడలో కాలేజీ కార్డు. కొళాయి దగ్గర కాళ్లు కడుక్కోని, వంటింట్లోకి పోయి సొంతంగా చెంబుడు నీళ్లు తాగొచ్చి, అత్త ఎదురుగా గడప మీద కూర్చునింది. హాస్టల్లో రెండు వందలమంది పిల్లోళ్లనీ, సాంబారు నీళ్ల మాదిరి ఉంటాదనీ చెప్పింది. ఇంకా కోపం పోలేదు, మొహం చూడకుండానే చెప్పింది. చెప్పి, జడకు కట్టిన దారం ఒకటి ఊడదీసి, బ్యాగులోంచి తీసిన ఇత్తడి తాళంచెవికి కట్టి జ్ఞానాంబ అరచేతిలో పెట్టింది.

"నా గదిది. ఇంకోటి చేయించినా," అనింది. "నీకింక తాళాలు తెరుచుకోవు గదా."

జ్ఞానాంబకు దాన్ని యాడ పెట్టుకోవాలో తెలీలేదు. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునింది. లోకేశ్వరే ఆమె కొంగు కొస లాగి, తాళంచెవిని అందులో పెట్టి, రెండు ముళ్లు వేసింది. అరవై రెండేండ్లకు మొదటిసారి జ్ఞానాంబ కొంగు ఒక పక్కకు బరువుగా వేలాడింది.